అమ్మకు దక్కని ఏడుపు

మా తమ్ముడు త్రినాథ్ కథలు రాస్తాడు. రాయడం తక్కువ, కొట్టేయడం ఎక్కువ. పేజీ రాసి మూడు వాక్యాలు మిగులుస్తాడు. నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాని రోజు గురించి అలాగే రాశాడు. అందులో తుపాను లేదు, ఏడుపు లేదు, ఒడ్డున అమ్మ నిలబడి ఉండటమొక్కటే. బాగా రాశాడు, కాదనను. ఆ మెప్పే వాడి నెత్తికెక్కింది. ఇంట్లో అమ్మ ఏదైనా చెప్పబోతే "రెండు ముక్కల్లో చెప్పమ్మా" అనేవాడు. మా పల్లె పూడిమడక చేపలు అనకాపల్లి వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని అమ్మి, వాడిని చదివించిన మనిషితో అనే మాటా అది?

మా పల్లెలో మనిషి పోతే ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. ఊరికే ఏడవరు. పోయినవాళ్ళు పుట్టింది మొదలు పడ్డ పాట్లన్నీ ఒకరి తర్వాత ఒకరు అందుకుని చెబుతారు. ఎవరింట చావు జరిగినా అమ్మ వెళ్ళి ఏడ్చి వచ్చేది. "రేపు నాకూ మనుసులు కావాల గదే" అనేది. ఆమెకున్న ఆశల్లా అదొక్కటే.

మొన్న మాఘంలో అమ్మ పోయింది. పల్లె నుంచి అనకాపల్లిలో మా ఇంటికి ఆటోల్లో ఆడవాళ్ళు దిగారు. అమ్మతో కలిసి చేపలమ్మిన నూకాలు పెద్దమ్మ శవం కాళ్ళ దగ్గర కూర్చుని, "ఓ నా కొర్లమ్మా, మమ్మల్నొదిలేసి ఎలిపోనావేటే" అని అమ్మను పేరుపెట్టి రాగం ఎత్తుకుంది. వాకిట్లో కుర్చీల్లో త్రినాథ్ కథలు మెచ్చే స్నేహితులున్నారు. వాడు వచ్చి చేతులు జోడించాడు.

"వద్దు పెద్దమ్మా. మౌనంగా సాగనంపుదాం. అదే అమ్మకి గౌరవం."

నూకాలు పెద్దమ్మ వాడి ముఖంలోకి చూసి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. మిగతావాళ్ళూ లేచారు. పట్నంలో పెరిగిన నాకు ఆ రాగం రాదు. నలుగురూ ఉండి కూడా అమ్మ దిక్కులేని మనిషిలా వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే వాడు అమ్మ మీద కథకు కూర్చున్నాడు. రెండు వాక్యాలు రాశాడు. మూడోది కొట్టేయడం అటుంచి, రాయడానికే ఏమీ దొరకలేదు.

"అక్కా, పెళ్ళికి ముందు అమ్మ ఏం చేసేది?" అని అడిగాడు.

నాకేం తెలుసు? ఇద్దరం పూడిమడక వెళ్ళాం. నూకాలు పెద్దమ్మ ఇసుకలో ఎండు చేపలు తిరగేస్తోంది.

"అమ్మ సంగతులు చెప్పు పెద్దమ్మా. ఎంతసేపైనా వింటాను" అన్నాడు వాడు.

ఆమె తల ఎత్తలేదు.

"ఆ రోజు సెప్పడానికే వచ్చేం బాబూ. శవం కాడ అనాల్సిన మాటలవి. అయి ఇనాల్సిన మనిసి ఎలిపోనాది. నీకెందుకు సెప్పాల?"