అయిదు కళావర్లకు అర్థం

"ఇవాళ ఒక్కసారి నా పాట నమ్మకపోయావో, వచ్చే మంగళవారం నుంచి రూబెన్ ఎదురుగా కూచుంటాను," అంది ఐలీ, తన కారు దిగి తలుపు కూడా వెయ్యకముందే. "తనతో జోడీ కట్టమని నిన్న ఫోన్ చేసి అడిగాడు. ఏ సంగతీ ఇవాళ చెప్తానన్నాను."

"నేనెప్పుడు నమ్మలేదు?"

"మొగుడిగా ఉన్నప్పుడు ఎలాగూ నమ్మలేదు. పేకలోనైనా నమ్ము రైమో."

విడాకులప్పుడు ఇల్లు ఆమెకు, పడవ నాకు వచ్చాయి. మంగళవారం మధ్యాహ్నం బ్రిడ్జి ఆటను విడగొట్టాలన్న ఆలోచన మాత్రం లాయర్లకు కూడా రాలేదు. మా ఊరు థండర్ బేలోని కర్లింగ్ క్లబ్బులో కింద మంచు మీద ఆటరాళ్లు జారి ఢీకొంటుంటాయి. మేడ మీద మేము నోళ్లు కుట్టేసుకుని ముక్కలు వేస్తుంటాం. వారం మొత్తంలో నేను మనిషినని నాకు అనిపించే పూట అదొక్కటే. అది పోతే నాకు మిగిలేది పడవ. సరస్సు గడ్డకట్టాక దాన్ని చూసి ఏం చేసుకోను?

నేను ఓడరేవులో ధాన్యం తనిఖీ చేసి రిటైరైనవాణ్ని. వ్యాగన్‌తో వచ్చిన కాగితం మీద మొదటి రకం గోధుమ అని ఎంత అందంగా రాసినా, గింజలు చేతిలో పోసుకుని చూడకుండా సంతకం పెట్టింది లేదు. ఆ పాడు అలవాటు ఇంటికీ తెచ్చుకున్నాను. "స్టవ్ కట్టేశాను" అని ఐలీ అంటే "సరే" అనేవాణ్ని, మరుక్షణం లేచి వెళ్లి చూసేవాణ్ని. ఏనాడూ అది వెలుగుతూ కనిపించలేదు. అయినా చూసేవాణ్ని. ఆ స్టవ్ మీదే మా కాపురం మాడిపోయిందని ఐలీ అందరికీ నవ్వుతూ చెబుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

మా ఆటలో ఎదురెదురుగా కూర్చున్న జోడీ మాట్లాడుకోకూడదు. ఎన్ని పట్లు, అంటే ఎన్ని చుట్లు గెలుస్తామో వేలం పాడాలన్నా పెట్టెలోంచి అట్ట తీసి బల్ల మీద పెట్టడమే. ఏ అట్టకు ఏ అర్థమో జోడీలు ముందే అనుకుంటారు. అందులో దాపరికం ఉండదు, ఎదుటివాళ్లు అడిగితే చెప్పి తీరాలి. ఇక జోడీ దగ్గినా, నిట్టూర్చినా మనకు వినపడనట్టే ఉండాలి. వినపడితే, ఆ చప్పుడు ఎటు పొమ్మందో అటు పోయే హక్కు మనకు పోయినట్టే. కావాలని చప్పుడు చేసి చెప్పడమైతే పచ్చి మోసం, ఈ ఆటలో అంతకు మించిన తప్పు లేదు. ఈ సూత్రాలు క్లబ్బులో అందరికంటే ఎక్కువగా వల్లించేది నేనే. వెనకాల నన్ను "రూలు పంతులు" అంటారని నాకు తెలుసు.

ఆ రోజు ఏడాది షీల్డు కోసం పోటీ. ఆఖరి బల్ల దగ్గర మాకు ఎదురు పడ్డది పావ్‌లుక్ దంపతులు, పోయినేడు గెలిచినవాళ్లు. నా కుడి వైపు బెర్నీస్, ఎడమ వైపు ఆమె భర్త స్టాన్. ఇక ఒకే ఒక్క ఆట మిగిలింది. అప్పటివరకు ఐలీ పాడిన ప్రతి పాటనూ నమ్మాను. పళ్లు బిగపట్టుకునైనా నమ్మాను.

ముక్కలు విప్పి చూశాను. ఆఠీన్ ఆసు, రాజు, వాటి కింద బారెడు ఆఠీన్లు, పక్కన ఇస్పేట్ ఆసు. ఆఠీన్ తురుపుగా పాట మొదలుపెట్టాను. ఐలీ ధీమాగా పెంచింది. పదమూడింటిలో పన్నెండు పట్లు పడతామని పాడి పట్టడమే స్లామ్. పాటలో మొదటి ఆరు పట్లు లెక్కలోకి రావు, కాబట్టి దానికి ఆరు ఆఠీన్లు పాడాలి. పడితే షీల్డు మాది, ఒక్క పట్టు తగ్గితే పావ్‌లుక్‌లది.

నేను నాలుగు నోట్రంప్ అట్ట పెట్టాను. నాలుగు ఆసులు, తురుపు రాజు, ఈ అయిదు పెద్ద ముక్కల్లో నీ దగ్గర ఎన్ని ఉన్నాయని అడగడం అది. మూడు నా దగ్గరే ఉన్నాయి. ఐలీ దగ్గర ఒక్కటుంటే స్లామ్ పాడొచ్చు. ఒక్కటీ లేకపోతే అయిదు దగ్గర ఆగాలి.

ఐలీ అయిదు కళావర్లు పెట్టింది.

సరిగ్గా నేను భయపడ్డ అట్టే అది. మేము ఏళ్ల తరబడి ఆడిన పాత పద్ధతిలో దాని అర్థం "ఏమీ లేవు, లేదా మూడు". ఈ చలికాలం ఐలీ ఎక్కడో క్లాసుకు వెళ్లి నేర్చుకొచ్చిన కొత్త పద్ధతిలో "ఒకటి, లేదా నాలుగు". కొత్తదే ఆడదామని పట్టుబట్టింది తనే. పట్టుబట్టి, మర్చిపోయి, పోయిన నెలలో రెండుసార్లు పాత జవాబు ఇచ్చి మమ్మల్ని ముంచింది కూడా తనే. మరి ఇప్పుడిచ్చింది ఏ జవాబు?

నా కళ్లు అట్టల పెట్టె మీదికి పోయాయి. అయిదు ఆఠీన్ల అట్ట దగ్గరే ఆగాయి. మర్చిపోయి ఉంటుంది, అయిదు దగ్గర ఆగిపోదాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనుకోవడం కాదు, తీర్మానించేసుకున్నాను.

పాట ఇంకా నా దాకా రాలేదు. బెర్నీస్ నా వైపు తిరిగింది. "అయిదు కళావర్లంటే ఏంటయ్యా మీ లెక్కలో?"

"ఒకటి, లేదా నాలుగు," అన్నాను.

అవతల ఐలీ కాఫీ కప్పు సాసరుకు కొట్టుకుని టంగుమంది.

బెర్నీస్ కనుబొమలెత్తింది. స్టాన్ కప్పు వంక చూసి, నా వంక చూశాడు. నేను తల ఎత్తలేదు. ఐలీ వేళ్లు చలికి వాస్తాయి, కప్పు మీద పట్టు సరిగా దొరకదు. కానీ ఆ చప్పుడు నా చెవికి ఒక్కటే చెప్పింది: "అయ్యో, మర్చిపోయాను! అయిదు దగ్గర ఆగు!"

వినేశాను. ఇక అయిదు నాది కాదు. మా ఒప్పందం ప్రకారం ఆమె దగ్గర ఒకటి ఉంది, ఆరు పాడాలి. చప్పుడు విని ఆగితే నేను దొంగను. బెర్నీస్ పాస్ అట్ట పెట్టింది. ఆరు ఆఠీన్ల అట్ట తీసి పెట్టాను. అందరూ పాస్.

స్టాన్ కళావర్ ఆసుతో మొదలుపెట్టాడు. ఒక పట్టు పోయింది, ఇంకొకటి పోవడానికి వీల్లేదు. పాట నాది కాబట్టి, ఆట పద్ధతి ప్రకారం ఐలీ తన ముక్కలు అందరికీ కనపడేట్టు బల్ల మీద పరచసాగింది. ముందు ఆఠీన్లు: రాణి, చిన్న ముక్కలు. తర్వాత కళావర్లు: రాజు ఉంది, బాగానే ఉంది. తర్వాత ఇస్పేట్లు: రాజు, రాణి. ఇక మిగిలినవి డైమన్లు. అక్కడ ఆసు లేకపోతే నా పని అయిపోయినట్టే. వాచిన వేళ్లతో ఒక్కొక్కటే కింది నుంచి పేర్చింది. నాలుగు, ఏడు, జాకీ.

ఆఖరున ఆసు పెట్టింది.

పన్నెండు పట్లు వచ్చాయి. స్టాన్ లేచి చెయ్యి కలిపాడు. "కప్పు మోగాక నువ్వు గనక అయిదు దగ్గర ఆగుంటే అంపైర్ని పిలిచేదాన్నే," అంది బెర్నీస్.

"నువ్వు పిలవకపోతే నేనే పిలిచేవాణ్ని."

ఐలీ ముఖం వెలిగిపోతోంది. "చూశారా! నమ్మాడు! ఇన్నాళ్లకి నా మాట నమ్మాడు!" అని హాలంతా వినపడేట్టు అంది. షీల్డుతో ఫొటో తీస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసింది. విడాకుల తర్వాత అదే మొదటిసారి. నాకు సంతోషంగానూ ఉంది, సిగ్గుతో చచ్చిపోతున్నట్టూ ఉంది.

కార్ల దగ్గరికొచ్చాక ఇక ఉండబట్టలేకపోయాను. "ఐలీ, నేను నమ్మలేదు. అయిదు దగ్గర ఆగిపోదామనే అనుకున్నా. నీ కప్పు మోగింది కాబట్టి ఆగే హక్కు పోయింది. అందుకే ఆరు పాడాను. రూలును నమ్మాను, నిన్ను కాదు."

ఐలీ తాళాల గుత్తి వేలికి తగిలించుకుని తిప్పింది.

"తెలుసు," అంది. "నీ కళ్లు అయిదు మీదే పాతుకుపోయి ఉన్నాయి. ఎదురుగా కూచున్న నాకు కనపడదా? నువ్వు చెప్తావా, ఈ పొగడ్త కూడా మింగి ఊరుకుంటావా అని చూస్తున్నా. ఊరుకుని ఉంటే ఇంటికెళ్లగానే రూబెన్‌కి ఫోన్ చేసేదాన్ని."

నా కళ్లు ఎక్కడున్నాయో బెర్నీస్ అడగక ముందే చూసిందన్నమాట. మరి ఆ తర్వాత కప్పు ఎలా మోగింది? వాచిన వేళ్లు జారాయా? రైమో తనను నమ్మడు, రూలునైతే నమ్ముతాడని తెలిసి మోగించిందా? ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది. కావాలనే అని ఆమె అంటే, ఆ నిమిషమే మేడెక్కి షీల్డు తిరిగి ఇచ్చి, మా ఇద్దరి పేర్లూ కొట్టేయించి రావాలి. లేదు అంటే, ఆ మాట నిజమో కాదో వెతుక్కుంటూ బతకాలి. నాలోని తనిఖీదారు గింజలు చేతిలో పొయ్యమని గోల పెడుతున్నాడు.

ఐలీ నన్నే చూస్తోంది. "ఏదో అడగాలనుకుంటున్నట్టున్నావ్?"

"ఏం లేదు."

"నిజంగా?"

"నిజంగానే."

కారెక్కి అద్దం దించింది. "స్టవ్ కట్టేసే వచ్చాను. వచ్చి చూసుకుంటావా?"

"అక్కర్లేదు."

"అయితే మంగళవారం ఒంటిగంటకి. ఆలస్యం చెయ్యకు," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలా మంగళవారాలు గడిచాయి. కప్పు సంగతి నేను ఇంతవరకు అడగలేదు.