ఒక్క ముద్ద

ఎసరు మరుగుతోంది. మునిరాజ గుప్పెడు బియ్యం గిన్నెలో వేయబోయి ఆగాడు. వేళ్లు సడలించి సగం మళ్లీ డబ్బాలోకి రాల్చాడు. చేతికి అలవాటు లేని పని. కుప్పం నుంచి మదనపల్లె దాకా ఎన్నో పెళ్లిళ్లకు వండిన చెయ్యి అది. మూటలు విప్పి అండాల్లోకి గుమ్మరించడమే దానికి తెలుసు.

మదనపల్లె డాక్టరు గుండెకు స్టెంటు వేసి, పెద్ద పొయ్యి దగ్గరికి పోతే ఇక తన దగ్గరికి రానక్కర్లేదన్నాడు. అప్పటి నుంచి పుంగనూరులో ఈ ఒంటిగది, ఈ గ్యాసుపొయ్యి, ఒక్కడికి వంట. రోజూ లెక్క తప్పేది. ఒకడికని మొదలుపెడితే నలుగురికి తేలేది. మిగిలింది పక్కింట్లో బట్టలు కుట్టే నాగవేణి గిన్నెలోకి పోయేది. ఆమె పొద్దున పొయ్యి వెలిగించడమే మానేసింది.

ఇవాళ అతనికి కాలు నిలవడం లేదు. కుప్పంలో రిసెప్షన్ ఉంది. వంట మాస్టరు హ్యాండిస్తే ఫోన్ చేస్తానని కాంట్రాక్టరు శివకుమార్ నిన్న అన్నాడు. ఫోను కిటికీలో ఉంది. మునిరాజ రాగిపిండి వేసి దానివైపు చూశాడు. మూత పెట్టి చూశాడు. వాకిట్లోకి పోయి, ఊరికే వీధి చూసి, వెనక్కొచ్చి మంట తగ్గించాడు.

తెడ్డు తిప్పితే తేలిక గిన్నె కూడా దాంతోపాటు తిరిగింది. పెళ్లిళ్లలో అండా పట్టుకోవడానికి ఇద్దరుండేవాళ్లు. ఇక్కడెవరున్నారు? గిన్నెకు గోనెపట్ట చుట్టి, నేలమీద రెండు పాదాల నడుమ బిగించి గెలికాడు. బనియను వీపుకు అంటుకుంది. చెయ్యి తడుపుకొని ఉండ చేశాడు. అడుగు గోకినా ఇంకేమీ రాలేదు. సరిగ్గా ఒక్క ముద్ద. పప్పు కోసం నడుమ బొటనవేలితో గుంట చేశాడు.

నాగవేణి గిన్నెతో వచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"ఏమప్పా, పెళ్లి వంటాయనకు పిండి అయిపోయిందా? వాసనే లేదే!"

"సూడమ్మా. ఇన్నాళ్లకు ఒకడికి కుదిరింది."

ఆమె తొంగి చూసింది. "మరి నాకు?"

"సగం తీసుకో."

"నీ నోటికాడిది నాకు యాల? ఉప్మా గెలుక్కుంటాలే." ఖాళీ గిన్నెను నడుముకు ఆనించుకుంది. "ఇంక ఈ గిన్నెతో పనిలేదు."

ఆమె పోయాక గదిలో పొయ్యి చప్పుడు కూడా లేదు. మునిరాజ ముద్ద ముందు కూర్చున్నాడు. పప్పు గరిటె ఎత్తి దించేశాడు. గెలిచినట్టు ఉండాల్సింది. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

"అన్నా, ఆ మాస్టరు రాలేదు. ఎనిమిదొందల మంది. వచ్చేదవుతుందా?"

"పొయ్యి ముట్టించు. వస్తాండాను."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ గడప దాటేసరికి నాగవేణి అడ్డొచ్చింది.

"డాక్టరు సెప్పింది మర్సిపోయినావా?"

"మర్సిపోలేదమ్మా."

"మరి పిచ్చి పట్టిండాదా?"

"ఉండనీలే. ముద్ద మీద ప్లేటు మూసినాను, రాత్రికొచ్చి తింటా. రేపట్నుంచి మళ్లా నలుగురికి గెలుకుతా. నీ గిన్నె దాసిపెట్టొద్దు."

కుప్పం దారిలో పలమనేరు దాకా పోయే బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు.

సాయంత్రం నాగవేణి జాకెట్టు చేతులు కుడుతుండగా ఫోన్‌లో మునిరాజ పేరు వెలిగింది. "ఏమప్పా, మాత్ర వేసుకున్నావా?" అంది. మాట్లాడింది శివకుమార్. రెండో అండా దించి, మెతుకు నలిపి చూసి, వడ్డించుకోండని చెప్పి మునిరాజ గోడకు చేరగిలబడ్డాడట. తొలి బంతి లేచాక, తినమని పిలిస్తే పలకలేదట. అన్నం బాగా కుదిరిందని అందరూ అంటున్నారట.

నాగవేణి మిషను ఆపింది. చేతిలోని గుడ్డ వదలకుండానే పక్కింటి తలుపు తోసింది. ప్లేటు ఎత్తింది. ముద్ద పైపొర ఎండి బీటలు వారింది. పప్పు పడని ఆ గుంటలో బొటనవేలి గీతలు అలాగే ఉన్నాయి.