కిటికీ వైపు తిరిగి పాడిన మనిషి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ ఆదివారం పొద్దున సులోచన ఆంటీ మీద అరవడానికి కారణం అదొక్కటే కాదు. శుక్రవారం థీసిస్ ఇచ్చెయ్యాలి. డబ్లిన్‌లో నాలుగేళ్లుగా నేను పిహెచ్‌డీ చేస్తున్నది రాగ్నా హోల్ట్‌దాల్ అనే నార్వే నటి మీద. నూరేళ్ల పైచిలుకు కిందట నాటకాల్లో నటిస్తూ, పాడుతూ, నార్వే నుంచి ఐర్లండ్‌లోని డబ్లిన్, కార్క్ దాకా పేరు తెచ్చుకున్న మనిషి. 1910లో గొంతు జబ్బు చేసి ఏడాదిపాటు ఆమెకు మాట కూడా పెగలలేదు. తర్వాత మళ్లీ వచ్చి, ముందుకంటే గొప్పగా పాడింది. పోయిన గొంతును పట్టుదలతో తిరిగి తెచ్చుకున్న ఆడమనిషి. నా థీసిస్ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఆంటీ వాళ్లింట్లో పై గదిలో అద్దెకు దిగి రెండేళ్లయింది. డాక్టరుగారైన గురుమూర్తి అంకుల్ ఆ రోజు డ్యూటీకి వెళ్లారు. ఆంటీ బెండకాయలు తరుగుతోంది. అదే టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని రాగ్నా పాత రికార్డులు రెండు వేశాను. ఒకటి జబ్బుకు ముందుది, ఒకటి తర్వాతది. ఆంటీ కత్తి ఆపింది. మళ్లీ వెయ్యమంది. మూడోసారి కూడా వేయించుకుంది.

"ఇద్దరూ బాగా పాడారమ్మా," అంది.

"ఇద్దరు కాదాంటీ, ఒక్కావిడే."

"కాదులే. మొదటావిడ పైకి వెళ్లబోయే ముందు ఊపిరి తీసుకుంటోంది. రెండో ఆవిడ పైకి వెళ్లి, అక్కడ నిలబడి, దిగేటప్పుడు తీసుకుంటోంది. గొంతన్నా మారుద్దేమో గానీ, ఊపిరి మారదే అలేఖ్యా."

నాకు ఒళ్లు మండింది. "మీకు ఆ భాషే రాదు. ఎంతమంది ప్రొఫెసర్లు విన్నారో తెలుసా? వాళ్లకెవరికీ దొరకనిది మీకు బెండకాయలు తరుగుతూ దొరికిందా?" అని అరిచాను.

ఆమె నొచ్చుకోలేదు. "జబ్బు తగ్గాక ఆవిడ స్టేజీ మీద ఎటు తిరిగి పాడేది?" అని అడిగింది.

"కిటికీ వైపు," అన్నాను. ప్రతి నాటకంలోనూ పాట రాగానే జనానికి వీపు పెట్టి, సెట్టులోని కిటికీ దగ్గరకు నడిచి పాడేది. అదొక కొత్త పద్ధతి అని అప్పటి పత్రికలు తెగ మెచ్చుకున్నాయి. నేను దాని మీద ఏకంగా ఒక చాప్టరే రాశాను.

"కిటికీ అవతల ఎవరుండేవాళ్లు?"

ఇంగా ఉండేది. రాగ్నాకు నాటకం బట్టలు తొడిగే మనిషి. జబ్బు తర్వాత ప్రతి ఊరికీ వెంట తిరిగింది. 1913లో కార్క్‌లో ఇంగాకు జ్వరం వస్తే, రాగ్నా ఎనిమిది రోజుల ఆటలు ఆపేసి ఆమె మంచం పక్కనే కూర్చుంది. పనిమనిషి కోసం ఆటలు మానుకున్న మంచి మనసు అని నేనే రాశాను. ఆ పేరా చదివి మా గైడ్ తోమా కళ్లు తుడుచుకున్నాడు. సాక్ష్యాన్ని నా చేత్తో నేనే టైపు చేసి, దానికి దయ అని పేరు పెట్టాను.

"మీకెలా తెలుసాంటీ?"

ఆమె బెండకాయలు పక్కకు నెట్టింది. "తెనాల్లో తొమ్మిదేళ్లు నేను చేసిందదే. పక్క తెర వెనకాల, హార్మోనియం దగ్గర నిలబడి పద్యం పాడేదాన్ని. జనం ముందు ఆమె పెదాలు కదిపేది. జనం వన్స్ మోర్ అంటే మళ్లీ నేనే పాడేదాన్ని. దణ్ణం ఆమె పెట్టేది."

"ఎవరామె?"

ఆంటీ నా మొహంలోకి చూసింది. "గది చూడ్డానికొచ్చిన రోజు, మీరెవరి తాలూకమ్మా అని అడిగా. లీలారాణి మనవరాలినని చెప్పావు. అప్పుడే చెబుదామనుకున్నా. నోరు రాలా."

లీలారాణి మా అమ్మమ్మ. నేను నాటకాల మీద చదువుకోవడానికి కారణమే ఆమె. స్టేజీ మానేశాక ఇంట్లో ఒక్క పద్యం కూడా పాడలేదు. జనానికిచ్చిన గొంతు ఇంట్లో వాడనని ఒట్టు పెట్టుకుందని మా అమ్మ చెప్పేది. అందరం నమ్మాం.

"అబద్ధం," అన్నాను. "మా దగ్గర అమ్మమ్మ పాడిన క్యాసెట్టుంది."

దాన్ని ఫోన్లోకి ఎక్కించుకున్నాను. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి అమ్మ రోజూ పెట్టిన పద్యం అది. వేశాను. ఆంటీ కూడా మెల్లగా, అరిగిన గొంతుతో అందుకుంది. పైకి వెళ్లింది. అక్కడ నిలబడింది. దిగేటప్పుడు ఊపిరి తీసుకుంది. ఫోన్లోనూ సరిగ్గా అక్కడే. నన్ను నిద్రపుచ్చిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది.

ఏడుపు ఆగలేదు. అమ్మమ్మ మీద కోపం, ఆంటీ మీద అరిచినందుకు సిగ్గు. "అమ్మమ్మ మిమ్మల్ని బాగా చూసుకుందా?" అని అడిగాను.

"బంగారంలా చూసుకుంది. ఒంట్లో బాగోపోతే పక్కనుంచి లేచేది కాదు. పేరొక్కటే అడగొద్దంది."

తోమాకు ఫోన్ చేసి, శుక్రవారం ఇవ్వడం లేదని, ఎందుకో కూడా చెప్పాను. దేనికైనా 'గ్రాండ్', అంటే బాగుందిలే, అనేసే మనిషి. ఈసారి అనలేదు. "ఇంగా పూర్తి పేరేమిటి?" అని అడిగాడు. నాకు తెలియదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వెతకలేదు.

ఫోన్ పెట్టేసి, "మీ ఇంటిపేరేంటాంటీ?" అని అడిగాను. రెండేళ్లలో అదీ అడగలేదు.

"పుట్టింటిదా, అంకుల్‌దా?"

"పాడినప్పటిది."

ఆమె చేతులు పైట చెంగుకు తుడుచుకుని, "కొల్లిపర సులోచన" అంది.