ఎర్ర తాడు

ఎర్ర తాడు లాగితే కొంప మునుగుతుందని ఆ ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. తెలియనిది దాన్ని కట్టించిన విదేశీ కంపెనీకే. తప్పు కనిపిస్తే లాగండి, పని ఆగుతుంది, ఎవరినీ ఏమీ అనం అన్నారు వాళ్ళు. వాళ్ళ దేశంలో అంతేనట. ఇక్కడ మాత్రం తాడు లాగితే పక్కవాడి నెత్తిమీద ఎర్ర లైటు వెలుగుతుంది. అంతకంటే తలవంపులు ఇంకేముంటాయి? అందుకే ముందువాడి తప్పును వెనకవాడు గుట్టుచప్పుడు కాకుండా సర్దేసేవాడు. అదే మంచితనమని అందరి నమ్మకం.

అక్కడే పనిచేసే బావామరదళ్ళలో మరదలూ అదే చేసేది. బస్సుల బ్రేకు గొట్టాలకు బావ క్లిప్పులు బిగిస్తాడు. పక్క బల్ల దగ్గర ఆమె చూసి పంపుతుంది. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా బావే. ఈమధ్య ఆయనకు చూపు ఆనడం లేదు. వదులుగా వచ్చినవాటిని ఆమే మళ్ళీ బిగించేది.

"ఏం మరదలా, నా పనికి వంకలు పెట్టందే నీకు పొద్దుపోదా?" అనేవాడు.

ఆమె నవ్వేసేది.

ఆ మధ్యాహ్నం కంపెనీ పెద్దాయన దుబాసీని వెంటబెట్టుకొచ్చి సరిగ్గా ఆమె వెనకే నిలబడ్డాడు. నెలల తరబడి ఒక్కరూ తాడు లాగలేదని మేనేజరు గొప్పలు పోతుంటే, తప్పులు దాచేస్తున్నారేమోనని ఆ మాటకే పెద్దాయనకు భయం పట్టుకుందట.

అంతలో ఒక వంకర క్లిప్పు వచ్చింది. బిగిస్తే ఆయన చూస్తాడు. వదిలేస్తే గొట్టం బస్సుకెక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె కళ్ళు మూసుకుని తాడు లాగింది.

మెషిన్లు ఆగాయి. బావ నెత్తిమీద ఎర్ర లైటు వెలిగింది. ఆమె అటువైపు చూడలేకపోయింది.

పెద్దాయన కోప్పడలేదు. ఆయన మాటల్ని దుబాసీ మెల్లగా తెలుగులో చెప్పాడు. "మంచి పని చేశావమ్మా. ఇలాంటివి ఇదివరకు వచ్చేవా?"

"వచ్చేవండీ. నేనే బిగించేసేదాన్ని."

"మరి నువ్వు రాని రోజుల్లో?"

ఆమెకు గుర్తొచ్చింది. పోయిన నెల జ్వరంతో వారమంతా మంచం దిగలేదు. ఎవరూ తాడు లాగడం లేదు కదా అని మేనేజరు ఆమె బల్ల దగ్గర ఇంకొకరిని పెట్టనే లేదు.

బావ లేచి వచ్చాడు.

"నువ్వు సర్దుతున్నావని నాకు తెలుసే," అన్నాడు. "మొన్న మా పాప స్కూలు బస్సుకి కొత్త గొట్టాలు వేశారు. నువ్వు రాని ఆ వారం నేను చేసినవే."

బడి వదిలే వేళయింది. బావ ఫోను ఆమెకిచ్చాడు.

"డ్రైవరు నంబరు నువ్వే వెతుకు. నాకు కనిపించడం లేదు."

ఆమె నొక్కింది. అవతల ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.