మూల మలుపులో కేక

గాజు పలకలు కోసే ఆ కార్ఖానాలో ఒక నియమం ఉంది. పలక ఎత్తినవాళ్లు మూల తిరిగే ముందు "అద్దం వస్తోంది" అని కేకెయ్యాలి. కేకెయ్యకపోతే ఉద్యోగం ఊడినట్టే.

కొత్తగా చేరినామె మాట తీరు వేరు. చివరి అక్షరాన్ని సాగదీసి, పైకి లేపి వదిలేది. మేస్త్రికి నోరు ఊరుకోదు కదా. వారం తిరక్కుండానే ఆమె యాసను అచ్చు దించేశాడు. భోజనాల దగ్గర గిన్నె మూత తీస్తూ "అద్దం వస్తోందీఈ" అనేవాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. "వీళ్ల ఊరివాళ్లంతా ఇంతే. మాట పూర్తయ్యేసరికి పొద్దు గుంకుతుంది" అని పైగా తగిలించాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఇదంతా సరదాయేనని తీర్మానించుకున్నాడు. అలా అనుకోవడం సులువు మరి.

తర్వాత ఆమె కేక సన్నగిల్లింది, కొన్నాళ్లకు ఆగిపోయింది. బదులుగా, మోస్తున్న పలక మీదే ఉంగరంతో రెండుసార్లు కొట్టేది. మేస్త్రి గమనించాడు. గమనించనట్టు ఊరుకున్నాడు.

ఆ రోజు అంచులు అరగదీసే మిషను నడుస్తోంది. ఆ రొదలో ఉంగరం చప్పుడు ఎవరికి వినపడుతుంది? మేస్త్రి గబగబా మూల తిరిగాడు. ఎదురుగా అతని మెడ ఎత్తున పలక. ఆమె దాన్ని తన వైపుకు లాక్కుంది. అతనికి చిన్న గీతైనా పడలేదు. ఆమె ముంజేయి చీరుకుపోయింది.

కుట్లు వేయించుకుని వచ్చాక యజమాని ఇద్దర్నీ పిలిపించాడు.

"రూలు తెలుసు కదమ్మా. ఎందుకు కేకెయ్యలేదు?"

"మర్చిపోయానండి."

ఆ ఒక్క మాటా కూడబలుక్కుని, ఎక్కడా సాగకుండా, అచ్చం మేస్త్రి పలికినట్టే పలికింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. యజమాని వైపు తిరిగాడు.

"మర్చిపోలేదండి. నేనే మాన్పించాను, రోజూ వెక్కిరించి."

యజమాని ఆమెను పనిలో ఉంచాడు. మేస్త్రికి మాత్రం ఆ సిగ్గు లోపల పచ్చిగానే ఉండిపోయింది.

కుట్లు విప్పాక ఆమె మళ్లీ పలక ఎత్తింది. మూల దగ్గర ఆగింది. మేస్త్రి మిషను ఆపించాడు. ఆమె నోరు తెరిచేలోగా వెనక బల్ల దగ్గర ఎవరో ఆ కేక వేసేశారు, సరిగ్గా అతను నేర్పిన సాగదీతతోనే. ఎప్పుడూ నవ్వు మొదలుపెట్టేది మేస్త్రే కాబట్టి అందరూ అతని ముఖం వైపు చూశారు.

ఆమె చూడలేదు. పలక మీద ఉంగరంతో రెండుసార్లు కొట్టి, మూల తిరిగింది. మిషను ఆగి ఉంది కాబట్టి ఆ చప్పుడు కార్ఖానా అంతటా వినిపించింది.