అమ్మ చేతిలో ఫోన్

యువరాజ్ గుండుకు పూసిన చందనం చెవి మీదికి కారుతోంది. తిరుత్తణిలో కదులుతున్న లోకల్ రైలెక్కి తలుపు దగ్గర కమ్మీ పట్టుకున్నాడో లేదో, ఫోన్ మోగింది.

"డాక్టర్ కవిప్రియను. చెన్నైలో మీరిచ్చిన శాంపిల్ రిపోర్టు వచ్చింది. మీ వీర్యకణాలకు తోకలు సరిగా పెరగడం లేదు."

"అంటే, మేడం?"

"తోకకు కావలసిన సరుకును కణం లోపల మోసుకుపోయేవి మోటార్ ప్రోటీన్లు. మీలో ఆ మోటారు తన జత ప్రోటీన్‌ను పట్టుకోవడం లేదు. సరుకు చేరదు, తోక తయారవదు, కణం ఈదలేదు. పుట్టుకతో వచ్చిన లోపం."

యువరాజ్‌ది మగ్గం ఇల్లు. మగ్గంలో పోగును మోసుకుపోయే నాడె, నూలు లేకుండా అటూ ఇటూ ఉత్తినే పరిగెడుతున్నట్టు తోచింది.

"మందులుండాయా?"

"మందుతో సరికాదు. కణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపి ప్రయత్నించవచ్చు. మీ భార్యను తీసుకురండి."

ఆ భార్య, శశికళ, తిరువళ్ళూరు ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల ఎక్కబోతోంది. పిల్లలు కలగలేదు కాబట్టి, కడుపులో అడ్డేమైనా ఉందేమో గాటు పెట్టి చూడాలని. భర్తకు పరీక్ష చేయించారా అని అక్కడి డాక్టరు అడిగితే, "మా వంశంలో మొగోళ్ళకు అట్లాంటివి లేవు" అంది అతని తల్లి చంద్రావతి. పక్కనే ఉన్న యువరాజ్ తలూపాడు. తర్వాత దొంగచాటుగా చెన్నై వెళ్ళాడు. ఆపరేషన్ బాగా జరగాలని, గుండు మొక్కు తీర్చమని తల్లే ఇవాళ తిరుత్తణి మురుగన్ కొండకు తోలింది.

ఒక్క ఫోన్ చేస్తే ఆగిపోతుంది. కానీ మత్తిచ్చేముందు తాళి తీసి అత్త చేతికిచ్చి, పసుపుదారం కట్టుకోవడం వాళ్ళింటి పద్ధతి. తాళితోపాటు శశికళ ఫోనూ ఇచ్చేసి ఉంటుంది. ఎత్తేది అమ్మే.

ఆసుపత్రికి చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

"ఏమి గుండూ, లోపలికి రా. పడితే మురుగన్ కూడా పట్టుకోడు," అన్నాడు సీట్లోని పెద్దాయన.

యువరాజ్ శశికళ నంబరు నొక్కాడు.

"అమ్మా, శశి యాడుంది?"

"లోపలికి తీసకపోతా ఉండారు. గుండు అయిందా?"

"అయింది." అసలు మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు.

అరక్కోణం ముందర రైలు ఆగిపోయింది. రైలుకు సిగ్నల్ పడలేదు. పక్క పట్టాల మీద గూడ్సు బండి దడదడలాడుతూ పోతోంది. మళ్ళీ నొక్కాడు.

"ఆపరేషన్ ఆపమ్మా. లోపం నాది."

"ఏమిరా? సద్దులో వినపళ్ళా!"

"లోపం నాదమ్మా! నా వీర్యకణాలకే తోకలు లేవు!"

సరిగ్గా అప్పుడే గూడ్సు దాటిపోయింది. బోగీలో చివరి మాట అందరికీ వినిపించింది. పెద్దాయన పేపరు దించాడు.

"మెల్లగా చెప్పరా పాపీ! పక్కన మనుషులు లేరా?"

"బోగీ నిండా ఉండారు. ఇంగ దాచేదేముంది? పో, ఆపు!"

అవతల చెప్పుల పరుగు. "సిస్టర్! ఓ సిస్టరమ్మా! నిల్లుంగ, ఆగండమ్మా!" తలుపు చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. యువరాజ్ ఫోన్‌ను చెవికి అదిమిపెట్టాడు.

"రైల్లోంచి అరిచినావంట, మీయమ్మ చెప్పింది. పరీక్షకు ఎప్పుడు పోయినావు?" శశికళ గొంతు.

"పోయిన నెల."

"నాకు చెప్పకుండా?"

యువరాజ్ చెవి మీదికి కారిన చందనం తుడుచుకున్నాడు.

"నా తాళి మీయమ్మ కొంగులో ఉండాది. నువ్వొచ్చి, ఇప్పుడు అరిచినట్టే అందరి ముందరా అరిచి చెప్పు. కట్టుకోవాలో వద్దో అప్పుడు చూస్తా."

రైలు కదిలింది. పెద్దాయన జరిగి చోటిచ్చాడు. "కూర్చో తంబీ."

యువరాజ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.