నాలుగో పేరు

లజాన్యా పళ్లేనికి అడుగంటిన చీజ్‌ను కొరీన్ చెంచాతో గీకుతోంది. వెనక బల్ల దగ్గర కూర్చున్న భర్త గ్రాంట్, "ఒక్క సంతకమే కదా, పడేస్తే పీడ పోతుంది" అన్నాడు.

ఆ లజాన్యా రెండోసారి వడ్డించుకుని తిని, ఇప్పుడే కారెక్కిన మనిషి ప్రొఫెసర్ ప్రూయిట్. డేటన్ ఆసుపత్రిలో మత్తుమందు విభాగానికి పెద్ద. కొరీన్ పదకొండేళ్లుగా ఆయన కింద డాక్టరు. మూతి తుడుచుకున్నాక కోటు జేబులోంచి ఒక ఉత్తరం తీసి, ఎంగిలి పళ్లేల మధ్య పెట్టి వెళ్లాడు.

మోకాలి ఆపరేషన్ తరవాత మూడు రోజులు నొప్పి తెలియనివ్వదని ఒక కంపెనీ అమ్ముకునే సూదిమందు ఉంది. దాని మీద వచ్చిన తొమ్మిది అధ్యయనాలను కొరీన్ అంకె అంకె చొప్పున పోల్చి చూసింది. కొడుకును ఈతకు దింపి కారులో కూర్చుని చదివింది. అత్తగారికి కంటి ఆపరేషన్ చేయించి, ఆవిడ మంచం పక్కన చదివింది. "ఆసుపత్రిలో చాల్లేదా తల్లీ, నా పక్కన కూడా కాగితాలేనా" అంది ఆవిడ, కంటికి కట్టు ఉండగానే. మామూలు మందుకూ దీనికీ రోగికి తెలిసేంత తేడా లేదని తేలింది. వైద్య పత్రిక ఆ వ్యాసం అచ్చువేసింది. మొదటి పేరు ప్రూయిట్‌ది, కొరీన్‌ది నాలుగోది. సభల్లో ఆయన దాన్ని "నా వ్యాసం" అనేవాడు. అది అబద్ధమని, వెనక్కి తీసుకోవాలని కంపెనీ ఆ పత్రిక మీద దావా వేసింది. ఆ రోజు నుంచి అది "కొరీన్ వ్యాసం" అయింది.

వకీళ్లు పాత మెయిళ్లన్నీ తీయించారు. అందులో ఆమె ప్రూయిట్‌కు రాసినది ఒకటి దొరికింది. "క్షమించండి, నేను పొరబడి ఉండొచ్చు, ఐదో అధ్యయనం అంకెలు ఒకసారి చూస్తారా?" రాసిన మనిషే తప్పని ఒప్పుకుందని కంపెనీ వకీలు పట్టుకున్నాడు. అప్పట్లో ప్రూయిట్ ఆ అంకెలు చూడలేదు. ఆమే మళ్లీ సరిచూసింది, అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అసలు ఆ మాట ఎందుకు రాసింది? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోగి విషయంలో "ఈ మోతాదు తప్పు" అని ఉన్నదున్నట్టు రాస్తే, ప్రూయిట్ గదిలోకి పిలిచి, "నీ ధోరణి కాస్త కటువమ్మా" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఉత్తరానికీ ముందొక క్షమాపణ. కొడుకు టీచరుకూ, మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన ప్లంబరుకూ, రాత్రి డ్యూటీకి లేస్తూ నిద్ర చెడగొట్టినందుకు గ్రాంట్‌కూ. నేల నాకిన నాలుకలా ఉంది ఇప్పుడు తలుచుకుంటే.

చేయి తుడుచుకుని ఉత్తరం చదివింది. 'అంకెలు సేకరించింది డాక్టర్ కొరీన్ ఒక్కరే. పొరపాటు అక్కడ జరిగింది. వ్యాసం ఉపసంహరించుకుంటున్నాం.' వ్యాసం మీద పేరున్న మిగతా వాళ్లందరి సంతకాలూ ఉన్నాయి.

"పొరపాటు ఏ అంకెలో?" అని అడిగింది.

"ఏదైతే ఏంటి? నవంబరులో ఫీనిక్స్ సభలో మాట్లాడమని నన్ను పిలిచింది ఆ కంపెనీ వాళ్లే. నీ పెళ్లాన్ని ముందు ఒప్పించుకో అని నవ్వుతున్నారు" అన్నాడు గ్రాంట్. అతను మోకాళ్ల సర్జన్. ఆ మందే వాడతాడు.

"వాళ్ల తిండి తింటున్నావు కాబట్టి నవ్వుతున్నారు" అంది కొరీన్. ఫోన్ తీసింది.

ప్రూయిట్ ఇంకా దారిలోనే ఉన్నాడు. "చెప్పమ్మా. భోజనం బావుంది."

"నేను సంతకం పెట్టను."

"తొందరపడకు. కోర్టులో ప్రమాణం చేయించి గుచ్చి గుచ్చి అడుగుతారు. నువ్వు తట్టుకోలేవు."

"అడగనివ్వండి. మొదట అడిగేది మిమ్మల్నే, మొదటి పేరు మీది. తొమ్మిదీ చదివారా అంటారు. ఐదో అధ్యయనం ఏ ఊళ్లో చేశారో చెప్పగలరా?"

ఫోన్‌లో కారు ఇండికేటరు టిక్కు టిక్కుమంటోంది. జవాబు వచ్చేదాకా కొరీన్ ఫోన్ పెట్టేయదలుచుకోలేదు.